పసుపుకుంకుమ కింద వెలగచెట్టు

మా మేనత్త పెద్దకర్మకు వెళ్ళి తిరిగొస్తుంటే, దాచేపల్లి దగ్గర మా బస్సు ఒక సిమెంటు లారీ వెనక ఇరుక్కుపోయింది. లారీ వెనక పసుపు రంగుతో ఇంతింత అక్షరాలు: నన్ను చూసి ఏడవకురా. నా పక్క సీటులో ఉన్నావిడ అది చదివి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మాట మా అత్త రాయించుకోవలసింది, రాయించుకున్నా నేను మానేదాన్ని కాదు అనుకున్నాను.

జీవితంలో నేను చాలామందిని చూసి ఏడ్చాను. తోడికోడలి వడ్డాణం మీద ఏడ్చాను, పక్కింటివాళ్ళ పై అంతస్తు మీద ఏడ్చాను, నాతో చదువుకున్న ఒకావిడ జుట్టు ఇంకా నల్లగా ఉందని మొన్నామధ్య ఒక పెళ్ళిలో అన్నం సహించలేదు. అవన్నీ ఓ పూట ఏడుపులు. అత్త మీద ఏడుపు అట్లాంటిది కాదు. అది నాతోపాటు పెరిగింది, పెళ్ళయి నాతోపాటు నరసరావుపేట వచ్చింది, పిల్లల్ని కన్నాక కూడా తగ్గలేదు.

కారణం ఒక వెలగచెట్టు. మాచర్ల దగ్గర మా ఊళ్ళో, మా ఇంటి వెనక దొడ్లో, గొడ్ల కొట్టానికీ బావికీ మధ్య ఉండేది. దొడ్డి మాది. బావి మాది. కొట్టంలో గొడ్లు మావి. చెట్టు మాత్రం అత్తది.

మా వైపు ఆడపిల్లకు పెళ్ళి చేసి పంపేటప్పుడు పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమ కింద ఏదో ఒకటి ఇస్తారు. ఉన్నవాళ్ళు పొలం ఇస్తారు, లేనివాళ్ళు ఒక పాడిగేదెనైనా తోలిస్తారు. మా తాతకు అప్పట్లో ఉన్నదల్లా ఒక రాళ్ళ చేను. అది కూతురికిస్తే కొడుకు, అంటే మా నాన్న, బతకలేడు. అందుకని తాత పెళ్ళిపందిట్లో నిలబడి, వియ్యాలవారి ముందు, ఊరి పెద్దల ముందు, "దొడ్లో వెలగచెట్టు మా అమ్మాయికి పసుపుకుంకుమ కింద ఇస్తున్నా" అన్నాడట. మగపెళ్ళివారు తమాషాకి అన్నాడనుకుని నవ్వారట. అత్త నవ్వలేదు. మా నాన్న కూడా నవ్వలేదు.

ఆ నోటిమాటను మా నాన్న బతికినన్నాళ్ళూ నెత్తిన పెట్టుకున్నాడు. చెట్టుకు నీళ్ళు పోసేది మేము, ఆకు ఊడ్చేది మేము, ముళ్ళు తొక్కేది మేము. కాయ కోసే హక్కు మాత్రం మాకు లేదు. వెలక్కాయ పచ్చడి నూరాలని మా అమ్మకు మనసైతే, రాలిన కాయ కోసం చూడాలి. రాలినవి తింటే తప్పులేదని నాన్నే ఒక రూలు పెట్టాడు. అమ్మ కొన్నిసార్లు గాలి లేని రోజు కూడా కాయలు రాల్చేది. కర్ర చాటుగా పట్టుకుని దొడ్లోకి పోతూ, "మన దొడ్లో మనమే దొంగలం, ఏం కర్మో" అని గొణుక్కునేది. నాన్నకు వినపడేది. విననట్టు ఊరుకునేవాడు.

అత్తను ఇచ్చింది గురజాల వైపు ఒక ఊరికి. వినాయక చవితికి ముందు ఏటా వచ్చేది. మామయ్యకు చెవుడు. ఆయనతో అరిచి అరిచి ఆమెకు గొంతు అట్లాగే ఉండిపోయింది. ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినా వీధి చివరిదాకా వినపడేది. బస్సు దిగి వస్తుంటే ముందు మాట వచ్చేది, తర్వాత మనిషి వచ్చేది. పొట్టి మనిషి, నడక మాత్రం తొందర. ఎండున్నా వానున్నా చంకలో ఒక నల్ల గొడుగు ఉండేది. దాన్ని తెరవగా నేను చూడలేదు.

వచ్చిన మనిషి ఇంట్లోకి వచ్చేది కాదు. నాపరాళ్ళ ప్రహరీ పక్క సందులోంచి నేరుగా దొడ్లోకి పోయేది. అమ్మ కాళ్ళకు నీళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండేది, అన్నయ్యా నేనూ ఆమె సంచిలో ఏముందా అని చూస్తూ ఉండేవాళ్ళం. అత్త వెళ్ళి చెట్టు మొదలు మీద అరచెయ్యి ఆనించేది. "ఏమే, బాగుండావా" అనేది. ఆ తర్వాత గొంతు తగ్గిపోయేది. అంత పెద్ద గొంతు మనిషి చెట్టుతో మాత్రం పక్కనున్నా వినపడనంత మెల్లగా మాట్లాడేది.

ఒకసారి బావి గట్టు వెనక దాక్కుని విన్నాను. వాళ్ళత్త తనకు పెట్టే ఆరళ్ళు చెబుతోంది. ఇప్పుడు తలుచుకుంటే, చెప్పుకోవడానికి పాపం మనుషులెవరూ లేరేమో అనిపిస్తుంది. అప్పుడు అట్లా అనిపించలేదు. పొద్దున్నే లేచి నడుం వంచి ఊడ్చేదాన్ని నేనైతే, ఈ చెట్టు ఈమె మాటలు వింటున్నదే అని కడుపు మండిపోయింది. ఆమె తిరిగి వాళ్ళూరు వెళ్ళేదాకా ఆ చెట్టుతో నేను మాట్లాడలేదు.

తర్వాత కోత. అన్నయ్యను చెట్టెక్కించి ఆమె కింద నిలబడి చెప్పేది, ఈ కొమ్మ, ఆ కొమ్మ అని. దింపిన కాయల్ని ముందరేసుకుని బావి దగ్గర నాపరాయి పలక మీద కూర్చునేది. ఒక్కొక్క కాయనూ జానెడు ఎత్తు నుంచి పలక మీదికి వదిలేది. ఎగిరి పక్కకు దొర్లితే పచ్చి. ధబ్బుమని పడి అక్కడే కూర్చుంటే పండింది. కూర్చున్నవి ఒక కుప్ప, దొర్లినవి ఒక కుప్ప. ఎన్ని కాయలున్నా ఒక్కటి కూడా చూడకుండా పక్కన పెట్టేది కాదు. మేం చుట్టూ గొంతుక్కూర్చుని ఉంటే, కూర్చున్న కాయల్లోంచి ఒకటి తీసి పగలగొట్టి, బెల్లం ముక్క నలిపి వేసి, నా చేతిలో పెట్టేది.

"తినవే. మొహమాటపడమాక" అనేది.

మా ఇంట్లో. మా దొడ్లో. మా అమ్మ తెచ్చిన బెల్లం. నన్ను మొహమాటపడొద్దంటుంది. ఆ గుజ్జు ఎంత తియ్యగా ఉండేదో, ఆ మాట అంత కాలేది. అయినా తినేదాన్ని. అది ఇంకా కోపం.

చవితి ముందురోజు వీధిలో వాళ్ళంతా పాలవెల్లికి కట్టడానికి వెలక్కాయల కోసం మా ఇంటికి వచ్చేవాళ్ళు. మా ఇంటికి రావడం పేరుకే. అరుగు మీద కూర్చుని పంచేది అత్త. ఎవరింటికి ఏ కాయ పోవాలో ఆమె ఇష్టం. నాతో ఆడుకునే పిల్లలు కూడా నన్ను దాటుకుని వెళ్ళి ఆమె ముందు చెయ్యి చాచేవాళ్ళు. బళ్ళో ఒకసారి "మా వెలగచెట్టు" అన్నాను. వెనక బల్ల పిల్ల వెంటనే, "మీదెందుకయిద్ది, మీ అత్తదంటగా" అంది. మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా ఆ సంగతి తెలుసు.

ఆ చెట్టు నాది అనుకోవడానికి నాకు చాలా కారణాలుండేవి. ఎండాకాలం మధ్యాహ్నాలు నులకమంచం దాని కిందే వేసుకునేదాన్ని. వెలగాకు నలిపితే సోంపు వాసన వస్తుంది, బడికి పోయేటప్పుడు గుప్పెట్లో ఒక ఆకు నలుపుకుంటూ పోయేదాన్ని. జ్వరమొచ్చి లేచిన రోజున నేను ముందు చూసింది కిటికీలోంచి దాన్నే. దాని ముల్లు దిగని వేలు నా కాళ్ళకు లేదు. అత్తకు ఒక్క ముల్లు కూడా గుచ్చుకోగా నేను చూడలేదు. చెట్టు కూడా ఆమె పక్షమే అనుకునేదాన్ని.

నాకు పెళ్ళీడు వచ్చాక, అత్త కొడుక్కి నన్ను ఇవ్వాలని ఇంట్లో మాట వచ్చింది. బావ మంచివాడే. కాకపోతే మనిషి వచ్చిన సంగతి, పోయిన సంగతి ఎవరికీ తెలియదు, అంత మెతక. నేను ఒప్పుకున్నాను. అత్తింటికి కోడలిగా పోతే అత్త తర్వాత చెట్టు నాకే వస్తుందని లెక్క వేసుకున్నాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. జాతకాలు కుదరలేదని ఆ సంబంధం తప్పిపోయింది. నేను తలుపేసుకుని ఏడిస్తే, పిల్ల బావ మీద అంత మనసు పెట్టుకుందా అని అమ్మ కళ్ళొత్తుకుంది. నేను పెట్టుకున్నది ఎవరి మీదో అమ్మకేం తెలుసు.

నరసరావుపేట సంబంధం కుదిరింది. అప్పటికి సాగర్ కాలువ కింద మా పొలాలకు నీళ్ళొచ్చాయి, నాన్న కాస్త నిలదొక్కుకున్నాడు. పెళ్ళిరోజు పందిట్లో, పసుపుకుంకుమ కింద నాకు అరెకరం మాగాణి ఇస్తానన్నాడు. నేను చెట్టు కావాలన్నాను.

నాన్న, "నాది కానిది నేనెట్టా ఇచ్చేదమ్మా" అన్నాడు.

"మన దొడ్లోదేగా."

"దొడ్డి మనది. చెట్టు దానిది."

అత్త అక్కడే ఉంది. పందిట్లో అందరికీ వినపడేట్టు, "ఏందే, అరెకరం మాగాణి ఇస్తే ఏడుస్తావా? నాకిచ్చింది చెట్టేగా" అంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. పెళ్ళికూతురి అలంకారంలో ఉన్నాను కాబట్టి తల దించుకుని ఊరుకున్నాను గానీ, లేకపోతే ఆ రోజు ఏదో ఒకటి అనేదాన్నే. ఎత్తిపొడుస్తోందనుకున్నాను. వేరే ఏదైనా అయి ఉండవచ్చని నాకు తోచలేదు.

ఆ తర్వాత నేను కూడా చుట్టాన్నయిపోయాను. పుట్టింటికి పోతే ముందు దొడ్లోకి పోబుద్ధయ్యేది. పోయేదాన్ని కాదు, అత్తలాగా కనపడతానని. అమ్మా నాన్నా పోయారు. ఇల్లు అన్నయ్యకు వచ్చింది. నాన్న లేకపోయినా అత్త ఏటా వచ్చి కాయ దింపించుకునేది, నడుం వంగినా వచ్చేది. మామయ్య పోయిన ఏడు కూడా వచ్చింది. అన్నయ్య చెట్టెక్కడం మానేసి ఒక మనిషిని ఎక్కించేవాడు.

ఈమధ్య అన్నయ్య కొత్త ట్రాక్టరు కొన్నాడు. దానికీ మిరపకాయ బస్తాలకూ కలిపి రేకుల షెడ్డు వేయాలి. దొడ్లో తప్ప చోటు లేదు, చెట్టు అడ్డం. నాన్న కొడుకే కదా, అత్తకు ఫోన్ చేసి అడిగాడు. ఆమె, "కొట్టుకోరా అబ్బాయ్" అంది. అంతే. నన్నెవరూ అడగలేదు.

నాకు ఎట్లా తెలిసిందంటే, అన్నయ్య కొడుకు మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టాడు. చెట్టు బావి వైపుకు ఒరిగి పడి ఉంది. తల బావి గట్టు మీద ఉంది. దాని కింద వరసగా ఏడుపు బొమ్మలు, మెసేజీలు. "అత్తయ్యా, బాధపడకండి." "పిన్నీ, గుండె రాయి చేసుకో." "అమ్మమ్మా, సారీ." అన్నీ అత్తకే. ఆమె దగ్గర ఉన్నది బటన్ ఫోను, ఆ గ్రూపులో ఆమె లేదు కూడా. అయినా అందరూ ఆమెకే రాశారు. నేను గ్రూపులోనే ఉన్నాను. నాకెవరూ ఒక్క ముక్క రాయలేదు.

అక్కడితో ఆగిందా. గురజాల మీదుగా పోయే మా ఊరి వాళ్ళు బస్సు దిగి మరీ వెళ్ళి అత్తను పలకరించి వచ్చారట. మనిషి పోతే వెళ్ళినట్టు, చేతిలో అరటిపండ్లు పెట్టుకుని. కాసేపు కూర్చుని, "ఏం చేస్తాం అక్కా, దాని ఆయుష్షు అంతే" అనేసి వచ్చారట. ఇదంతా అన్నయ్యే ఫోన్లో చెప్పాడు, గొప్పగా. నేను వంటింట్లో నిలబడి విన్నాను. ఆ పూట కూర మాడింది. మా ఆయన, "చెట్టేగా" అన్నారు. ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. చెట్టు పోయిందని ఏడుపు ఒకటి, దాని కోసం ఏడ్చే హక్కు కూడా అత్తకే పోయిందని ఇంకొకటి. రెండోదే ఎక్కువగా ఉండింది. నిజం చెబుతున్నాను.

ఆగలేక మూడోనాడు బయల్దేరి అత్త దగ్గరికి వెళ్ళాను, పోట్లాడటానికి. వరండాలో మంచం మీద పడుకుని ఉంది. సగం మనిషయిపోయింది. గొంతు మాత్రం అట్లాగే ఉంది.

"ఏందే, నువ్వు కూడా పలకరించను వచ్చావా" అంది.

"ఎందుకు కొట్టుకోమన్నావు?" అన్నాను. "నువ్వు వద్దంటే ఆగేవాడుగా."

"ఆగేవాడు."

"మరి?"

"వాడి ట్రాక్టరు ఎండలో ఉండదా?"

"నన్నొక్క మాట అడగొద్దా?"

"నిన్నెందుకు అడగాల? నీదా?"

ఇంత దూరం వచ్చింది ఈ మాట కోసమా అనిపించింది. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. ఆమె నా కొంగు పట్టుకుంది.

"కూర్చో. నేను పోయినాక అది ఎవరిదయ్యేది? నీ అన్నది. నీ వదినది. ఆమె దానికి బట్టల తాడు కట్టుకుని నా చెట్టు అని చెప్పుకునేది. నాది నాదిగానే పోయింది. మేలు" అంది.

ఇంకెవరైనా అయితే ఆ మాటకు ఛీ అనేవాళ్ళు. నాకు మాత్రం చాలా న్యాయంగా అనిపించింది. నా చేతిలో ఉంటే నేనూ అదే పని చేసేదాన్ని.

ఆమె పైకప్పు వైపు చూస్తూ, మొదటిసారి మనిషితో మెల్లగా మాట్లాడింది. "మా నాయన పీక్కపోను వీలుగాని చెట్టిచ్చాడే. ఏడాదికోసారి వచ్చి చుట్టంలాగా చూసుకుని పొయ్యేదాన్ని. నువ్వేమో దాని కింద మంచమేసుకుని దొర్లేదానివి. బస్సెక్కినప్పుడల్లా నిన్ను చూసి ఏడ్చేదాన్ని. చానా ఏడ్చానే నీ మీద."

ఇట్లాంటప్పుడు మనసు కరుగుతుందంటారు. నాకు కరగలేదు. ఇన్నేళ్ళూ ఈ ఏడుపు ఒక్కటైనా నా సొంతం అనుకున్నాను. అందులో కూడా ఆమెకు వాటా ఉందని అప్పుడు తెలిసింది.

ఆమె కోడల్ని కేకేసింది. కుంకుమ భరిణె, ఒక రవికగుడ్డ తెమ్మంది. పక్కింటావిడను కూడా పిలవమంది, సాక్షి ఉండాలని. పక్కింటావిడ పిండి చేతుల్తోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. అత్త లేచి కూర్చుంది. మామయ్య పోయాడు కాబట్టి తను పెట్టకూడదని, నాకు కోడలి చేత బొట్టు పెట్టించింది. కొంగు పట్టమంది. పట్టాను. రవికగుడ్డలో పసుపుకొమ్ము పెట్టి నా కొంగులో వేసి, పాత గొంతుతో, వీధి చివరిదాకా వినపడేట్టు, "మా నాయన నాకిచ్చిన వెలగచెట్టు ఈ పిల్లకి పసుపుకుంకుమ కింద ఇస్తున్నా" అంది.

"ఏ చెట్టు పిన్నీ? కొట్టేశారుగా" అంది పక్కింటావిడ.

"కొడితే? ఇచ్చేది నేను, పుచ్చుకునేది అది. మధ్యలో నీకేంది?" అంది అత్త.

కోడలు నవ్వు ఆపుకుంటూ లోపలికి పోయింది. నేను కొంగు ముడేసుకుని వచ్చేశాను. బస్సులో ఆ ముడిని రెండు మూడుసార్లు తడిమి చూసుకున్నాను. లేని చెట్టు. అయినా ఇచ్చింది కదా అనిపించేది, మరుక్షణం, ఉన్నప్పుడు ఇవ్వలేదు కదా అని మళ్ళీ మొదలయ్యేది. సంతోషం నిలవలేదు. చెట్టు నాదైనట్టు నాకు ఎక్కడా తగల్లేదు.

తర్వాత ఎక్కువకాలం బతకలేదు అత్త. ఇవాళ పెద్దకర్మ. భోజనాలయ్యాక పెరట్లో పంపు దగ్గర చెయ్యి కడుక్కుంటుంటే అత్త కూతురు నా వెనకే వచ్చింది. నాకంటే చిన్నది, మరదలు. హైదరాబాదులో ఉంటుంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ వెంట మా ఊరు వస్తే, ముళ్ళని దొడ్లోకి అడుగు పెట్టేది కాదు. వెలగపండు వాసన గిట్టదని ముక్కు మూసుకునేది.

"వదినా, అమ్మ ఆ చెట్టు నీకిచ్చిందంటగా" అంది.

"ఇచ్చింది."

"కూతుర్ని నేనుండగా నీకెట్టా ఇచ్చింది?"

పంపు కట్టేసి ఆమె వైపు తిరిగాను. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. కానీ ఆ చూపు వాళ్ళమ్మ పోయినందుకు కాదు. నా బొట్టును చూసింది, నా కొంగును చూసింది, మళ్ళీ నా ముఖం చూసింది. ఆ చూపు ఎక్కడి నుంచి వస్తుందో, లోపల ఎక్కడ మండుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు. ఊహ తెలిసినప్పటి నుంచి నేను అత్తను చూసిన చూపే అది. ఇప్పుడు నా మీద పడింది. ఒంట్లోకి ఏదో చల్లగా దిగింది. నాకూ ఒక వెలగచెట్టు ఉందని మొదటిసారి తెలిసింది.

తల్లి పోయిన పిల్ల. "పోనీలే, నువ్వే తీసుకో" అంటే సరిపోయేది. ఆ పిల్ల నా భుజం మీద పడి ఏడ్చేది, చూసినవాళ్ళు నన్ను మెచ్చుకునేవాళ్ళు. అక్కడ దొడ్లో చెట్టూ లేదు, మొద్దూ లేదు. ట్రాక్టరు ఉంది.

ఇవ్వలేదు.